ఒక్క కాలికే రాసి చూస్తే

కోరుట్లలో మా మరదలి చెల్లెలి పెళ్లి. ఆ రోజు పెళ్లికూతురికి నలుగు పెడుతున్నారు. నడింట్లో పీట వేసి, పెసరపిండి, పసుపు, నువ్వుల నూనె కలిపిన గిన్నె పక్కన పెట్టుకుని ముత్తయిదువులంతా చేరారు. ఒకరు చేతులకు రాస్తుంటే ఇంకొకరు కాళ్లకు రాస్తున్నారు. పాట వచ్చినవాళ్లు పాడుతున్నారు, రానివాళ్లు పాడేవాళ్లను ఎగతాళి చేస్తున్నారు. ఆ సందడిలో మా మరదలు నా కొంగు పట్టుకుని వెనకింట్లోకి లాక్కుపోయింది. తలుపు దగ్గరగా వేసి, బీరువాలో చీరల మడతల కింద నుంచి ఒక ట్యూబు తీసింది.

"వదినె, ఎవ్వరికి చెప్పకు. దుబాయి నుంచి వచ్చినామెతోటి తెప్పించుకున్న. రెండు నెలలు రాస్తె తొడల మీది సొట్టలు పోతయట" అంది.

ధర అడిగాను. చెప్పింది. ఆ డబ్బుకు ఒక మంచి నేతచీర వస్తుంది. అదే మాట అన్నాను. మరదలు నవ్వలేదు. మా తమ్ముడు రెండేళ్ల తర్వాత సెలవు మీద వస్తున్నాడు. "ఆయన అక్కడ ఫోన్ల ఎంతమందిని చూస్తున్నడో వదినె. నన్ను చూస్తె ఏమనుకుంటడో" అని ట్యూబు మూత తిప్పుతూ తీస్తూ నిలబడింది. మా మరదలికి ముప్పయ్యారేళ్లు. ఇద్దరు పిల్లల్ని కన్నది, అత్తమామల్ని చూసుకుంటున్నది, బ్యాంకు పనులూ పొలం పనులూ ఒక్క చేత్తో నడుపుతున్నది. అటువంటి మనిషి ఒక ట్యూబు పట్టుకుని దొంగలా నిలబడటం చూస్తే నాకు కష్టమనిపించింది.

ఇంతలో సిరిసిల్ల పెద్దమ్మ నూనె గిన్నె కోసం వచ్చి మమ్మల్ని పట్టుకుంది. ఆమె దగ్గర దాచడం మా వంశంలో ఎవరి తరమూ కాలేదు. సంగతంతా విని, ట్యూబు వాసన చూసి, మా మరదలి వంక చూసింది.

"బుగ్గ మీద సొట్ట పడితె ముద్దు. తొడ మీద పడితె మందా? ఇదేం రోగమే, దీనికి పేరేంది?" అంది.

పేరు సెల్యులైట్ అని ట్యూబు మీద ఉంది. మరి అది రోగమేనా? ఎవరు పెట్టారా పేరు? నిజంగా రాస్తే పోతుందా? పెళ్లి నుంచి తిరిగొచ్చాక ఈ మూడు ప్రశ్నలూ నన్ను వదలలేదు. దొరికినంత చదివాను. చదివిన కొద్దీ ఇది క్రీము కథ కాదు, ఒక మాట కథ అని తెలిసింది.

ఆ మాట ఫ్రాన్సులో పుట్టింది. 1873లో లిత్రే, రోబిన్ అనే ఇద్దరు పండితుల వైద్య నిఘంటువులో అది కనిపిస్తుంది. అయితే అప్పటికి దాని అర్థం వేరు. చర్మం కింది కణజాలానికి వాపు వస్తే దాన్ని అలా పిలిచారు. అది వైద్యుల మాట, ఆడవాళ్ల మాట కాదు. తర్వాత యాభై అరవై ఏళ్లలో అది ఆసుపత్రి గడప దాటి ఫ్రెంచి అందాల శాలల్లోకీ, ఆడవాళ్ల పత్రికల్లోకీ వచ్చింది. అక్కడ వాపు పోయి, తొడల మీదా పిరుదుల మీదా కనిపించే గతుకులకు పేరుగా స్థిరపడింది. 1968లో అమెరికాలో వోగ్ పత్రిక ఈ మాటను ఇంగ్లీషు చదివే ఆడవాళ్లకు పరిచయం చేసింది. 1973లో న్యూయార్కులో అందాల శాల నడిపే నికోల్ రోన్సార్ అనే ఆవిడ దీని మీద ఒక పుస్తకమే రాసింది. ఆ పుస్తకం బాగా అమ్ముడుపోయింది. అప్పటిదాకా అద్దంలో చూసి పట్టించుకోని లక్షలమంది ఒక్కసారిగా తమకూ ఆ జబ్బు ఉందని గుర్తించారు.

అంతకు ముందు ఈ గతుకులు లేవా? ఎందుకు లేవూ! రూబెన్స్ అనే చిత్రకారుడు 1630ల్లో గీసిన 'ముగ్గురు సౌందర్య దేవతలు' అనే బొమ్మ ఇప్పటికీ మాడ్రిడ్‌లోని ప్రాదో మ్యూజియంలో ఉంది. ఆ ముగ్గురి తొడల మీదా, నడుము కిందా వెలుగునీడలు పడి సొట్టలు స్పష్టంగా కనిపిస్తాయి. ఆయన వాటిని దాచలేదు. పైగా వాళ్లు మామూలు ఆడవాళ్లు కాదు, దేవతలు. దాదాపు నాలుగు వందల ఏళ్ల కిందట దేవతల ఒంటి మీద ఉన్నది మన కాలానికి వచ్చేసరికి డబ్బు పెట్టి పోగొట్టుకోవలసిన లోపమైంది. ఒళ్లు మారలేదు. ఒంటికి పెట్టిన పేరు మారింది.

మన భాషలో చూడండి. తొడ, పిక్క, మడమ, నడుము అన్నింటికీ మాటలున్నాయి. బుగ్గ సొట్టకూ చెంబు సొట్టకూ మాట ఉంది. తొడ మీది సొట్టకు మాత్రం ప్రత్యేకంగా ఒక పేరు లేదు. చీర కట్టే దేశంలో నడుము నుంచి మడమ దాకా ఆరు గజాల గుడ్డ ఉంటుంది. చూసేవాళ్లు లేనిచోట పేరు పుట్టదు. ఇప్పుడు చీర అలాగే ఉంది కానీ, అరచేతిలో ఫోను వచ్చింది. దానిలో కనిపించే కాళ్లకు సొట్టలుండవు. ఉన్నా దిద్దేస్తారు.

ఇంతకీ అది ఏమిటి? 1978లో న్యూర్న్‌బెర్గర్, ముల్లర్ అనే ఇద్దరు జర్మన్ వైద్యులు దీన్ని శ్రద్ధగా పరిశీలించారు. శవాల చర్మాన్నీ బతికున్నవాళ్ల చర్మాన్నీ పరీక్షించి ఒక వ్యాసం ప్రకటించారు. ఆ వ్యాసం పేరులోనే దీన్ని 'కల్పించిన జబ్బు' అన్నారు. వాళ్లు చెప్పినది మా సిరిసిల్ల పెద్దమ్మకు అర్థమయ్యేలా చెప్పాలంటే ఇలా చెప్పుకోవచ్చు.

మన చర్మం కింద కొవ్వు చిన్న చిన్న ముద్దలుగా ఉంటుంది. ఆ ముద్దల మధ్య నుంచి గట్టి పోగులు చర్మాన్ని లోపలి పొరకు కట్టి ఉంచుతాయి. మగవాళ్లకు ఆ పోగులు మగ్గం మీద పడుగూ పేకా లాగా ఏటవాలుగా ఒకదానిమీద ఒకటి అల్లుకుని ఉంటాయి. నేసిన బట్ట కింద దూది పెడితే పైకి ఉబకదు కదా. ఆడవాళ్లకు మాత్రం ఆ పోగులు ఉత్త పడుగు లాగా నిలువుగా, వరసగా ఉంటాయి. ఆ పోగుల సందుల్లోంచి కొవ్వు ముద్ద పైకి నెడుతుంది, పోగు ఉన్నచోట చర్మం కిందికి లాగుతుంది. దూది పరుపుకు మధ్యమధ్య దారంతో కుట్లు వేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. పైకి లేచినది దూది, గుంట పడినది కుట్టు. ఈడు వచ్చిన ఆడవాళ్లలో నూటికి ఎనభై తొంభై మందికి ఎంతో కొంత ఇది ఉంటుందని వైద్యులు లెక్క చెబుతారు. సన్నగా ఉన్నవాళ్లకూ ఉంటుంది. నూటికి తొంభై మందికి ఉన్నదాన్ని జబ్బు అంటే, మిగిలిన పది మందికే ఏదో జబ్బు ఉందని అనుమానించాలి.

ఈ సంగతి ఫోనులో చెప్పాను. పెద్దమ్మ ఒక్క క్షణం ఆగి, "ఐతె లోపటి కుట్టును పైనుంచి నూనె రాసి ఎట్ల ఇప్పుతరే?" అంది. అసలు ప్రశ్న అదే. ప్రపంచంలోని పెద్ద పెద్ద డాక్టర్లు ఇరవై ముప్పయి ఏళ్లు తంటాలు పడినదీ ఆ ప్రశ్నతోనే.

ఐతే పైన రాసి లోపలి కొవ్వు కరిగించే ఆశ తెల్లవాళ్లకే ఉందనుకుంటే పొరపాటు. పెద్దమ్మకు ఈ మాట నచ్చదు కానీ చెప్పక తప్పదు. సుమారు 7వ శతాబ్దిలో వాగ్భటుడు రాసిన అష్టాంగహృదయంలో దినచర్య అధ్యాయం ఉంది. రోజూ నూనె రాసుకుని ఒళ్లు మర్దన చేసుకోమని అందులో చెప్పాడు. ఆ తర్వాత పొడి పిండితో ఒళ్లు రుద్దుకోవడాన్ని ఉద్వర్తనం అంటారు. అది కఫాన్ని పోగొడుతుందనీ, మేదస్సును కరిగిస్తుందనీ, అవయవాలకు గట్టితనం ఇస్తుందనీ, చర్మానికి నిగారింపు తెస్తుందనీ చెప్పాడు. మన నలుగు, మన సున్నిపిండి ఆ ఉద్వర్తనానికి చుట్టాలే. మేదస్సు అంటే కొవ్వే. అంటే ట్యూబు మీద రాసిన మాటను మనవాళ్లు పదమూడు వందల ఏళ్ల కిందటే రాశారన్నమాట. తేడా ఒక్కటే. సున్నిపిండికి ఖర్చు లేదు, భయపెట్టి అమ్మేవాడు లేడు. పెళ్లికూతురికి నలుగు పెట్టేటప్పుడు నీ తొడ బాగాలేదని ఎవరూ అనరు. ఉన్న ఒంటినే పదిమంది చేతులతో ముద్దు చేస్తారు.

మా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల బజార్లకు సీసాలో అందం రావడం నిన్న మొన్నటి మాట. బొంబాయిలో పటన్‌వాలా గారు 1919లో అఫ్గాన్ స్నో మొదలుపెట్టారు. ముఖానికి రాసే తెల్లటి క్రీముకు మన ఇళ్లలో 'స్నో' అనే పేరు నిలిచింది. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో టాటావారు లాక్మే మొదలుపెట్టారు. 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ వచ్చింది. ఆడపిల్ల తెల్లబడితే తప్ప సంబంధం కుదరదన్న భయాన్ని ఆ ప్రకటనలు చాలాకాలం సొమ్ము చేసుకున్నాయి. 2020లో ఆ పేరులోంచి 'ఫెయిర్' అన్న మాట తీసేశారు. ఎంతమంది ఆడపిల్లలు అద్దం ముందు నిలబడి ఏడ్చాక తీశారో లెక్క ఎవరు కడతారు!

మన ప్రభుత్వం ఈ సంగతి బొత్తిగా పట్టించుకోలేదనడం న్యాయం కాదు. మాయమందుల ప్రకటనలను అరికట్టడానికి 1954లోనే ఒక చట్టం వచ్చింది. ఫలానా జబ్బులు నయం చేస్తామని మందులకు ప్రకటనలు ఇవ్వకూడదని అందులో ఒక పట్టీ ఉంది. ఆ పట్టీలో ఊబకాయం కూడా ఉంది. 1940 నాటి మందుల చట్టంలోకి 1962లో చేసిన సవరణతో అలంకరణ సామగ్రిని కూడా చేర్చారు. ఆ చట్టంలో ఒక కీలకం ఉంది. మందు అంటే జబ్బు మీదో ఒంటి పనితీరు మీదో పనిచేసేది. అలంకరణ సామగ్రి అంటే శుభ్రం చేసేది, అందం తెచ్చేది, రూపు మార్చేది. క్రీములు అమ్మేవాళ్లు ఈ రెంటి మధ్య గట్టు మీద నడుస్తారు. ప్రకటనలో డాక్టరు కోటు వేసుకుంటారు. రుజువు అడిగితే, మాది అలంకరణే కదా అంటారు.

మా ప్రాంతానికి మాత్రం ఇవన్నీ బొంబాయి దారిలో కన్నా దుబాయి దారిలోనే ఎక్కువ వచ్చాయి. 1973 తర్వాత చమురు ధర పెరిగి గల్ఫ్ దేశాల్లో కట్టడాలు మొదలయ్యాయి. అప్పటి కరీంనగర్ జిల్లా పల్లెల నుంచి మగవాళ్లు దుబాయికీ, మస్కటుకూ, సౌదీకీ దారి పట్టారు. 2016 అక్టోబరు 11న జగిత్యాల, సిరిసిల్ల వేరు వేరు జిల్లాలయ్యాయి గానీ, ఆ దారి మాత్రం ఆగలేదు. దుబాయి పెట్టె వచ్చిందంటే వాడకట్టంతా చుట్టూ చేరేది. టేప్‌రికార్డరు, అత్తరు సీసా, మెత్తని దుప్పటి, వాటి మధ్య ఒక గుండ్రటి నీలం డబ్బా. హాంబర్గ్ నగరంలో 1911లో పుట్టి, 1925లో నీలం రంగు తొడుక్కున్న నివియా క్రీము డబ్బా అది. చలికాలంలో వేలి కొసతో తీసి పిల్లలందరి బుగ్గలకూ తలా కాస్త రాసేవాళ్లు. అయిపోయాక ఆ డబ్బాలో గుండీలు, సూదులు పెట్టుకునేవాళ్లం. చర్మం పగలకుండా చేయడం తప్ప అది మా నుంచి ఏమీ కోరలేదు, మాకు ఏమీ వాగ్దానం చేయలేదు.

అదే సంస్థ 2011లో అమెరికాలో ఒక చిక్కులో పడింది. 'మై సిల్హౌట్' అనే క్రీము క్రమం తప్పకుండా రాస్తే ఒంటి కొలతలు బాగా తగ్గుతాయన్నట్టుగా ప్రకటనలు ఇచ్చారని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. ఆ సంస్థ 9 లక్షల డాలర్లు చెల్లించి రాజీ చేసుకుంది. చర్మానికి రాసేది ఏదైనా సరే, దానితో కొవ్వు గానీ ఒంటి కొలత గానీ గణనీయంగా తగ్గుతుందని ఇకముందు చెప్పకూడదని కూడా ఆ ఒప్పందంలో ఉంది.

అంత గట్టిగా ఎలా చెప్పగలిగారు? అప్పటికే పరీక్షలు జరిగాయి కనుక. ఈ పరీక్షల కథ నిజంగా ఆసక్తిగా ఉంటుంది.

క్రీము పనిచేస్తుందా లేదా అన్నది తేల్చడం చూడటానికి సులువు. రాసి చూస్తే సరి. కానీ రాసి చూసినవాళ్లు ఎందుకో అబద్ధం చెప్పకుండానే పొరబడతారు. డబ్బు పెట్టి కొన్నాం కనుక పనిచేయాలని మనసు కోరుకుంటుంది. రోజూ రుద్దడం వల్ల చర్మం నున్నబడుతుంది. ఆ రెండు నెలలూ తిండి తగ్గిస్తాం, నాలుగడుగులు ఎక్కువ నడుస్తాం. పేరు మాత్రం క్రీముకు వస్తుంది. దీనికి డాక్టర్లు ఒక ఉపాయం కనిపెట్టారు. తొడలు రెండు ఉన్నాయి కదా! ఒకదానికి అసలు క్రీము, రెండోదానికి మందు లేని ఉత్త క్రీము. మనిషి ఒక్కరే, తిండి ఒక్కటే, నడక ఒక్కటే, ఆశ ఒక్కటే. తేడా కనిపిస్తే అది మందు వల్లే. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఏది ఏ కాలికి రాస్తున్నదో రాసుకునే మనిషికి తెలియకూడదు, కొలిచే మనిషికీ తెలియకూడదు.

అమినోఫిలిన్ అని ఆస్తమాకు ఇచ్చే పాత మందు ఒకటి ఉంది. కాఫీలోని కెఫీనూ అదీ ఒకే కుటుంబం. కొవ్వు కణాలను గాజు పాత్రలో ఉంచి వాటి మీద ఇవి వేస్తే కొవ్వు కరిగి బయటికి వస్తుంది. అది నిజమే. గ్రీన్‌వే, బ్రే అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు 1987లో, ఇటువంటి మందులు కలిపిన క్రీమును లావుగా ఉన్న స్త్రీల తొడకు రాస్తే చుట్టుకొలత కొంత తగ్గిందని ప్రకటించారు. 1993లో అమినోఫిలిన్ క్రీము మీద మరో వార్త రాగానే అమెరికాలో తొడ క్రీముల పిచ్చి మొదలైంది. కూర్చున్నచోట కొవ్వు కరుగుతుందంటే ఎవరికి చేదు!

1999లో ఆ క్రీముకు గట్టి పరీక్ష జరిగింది. 69 మంది స్త్రీలు మొదలుపెట్టారు, 52 మంది చివరిదాకా నిలిచారు. 12 వారాలు. కొందరికి క్రీము, కొందరికి చర్మాన్ని పట్టి మర్దన చేసే యంత్రం, కొందరికి రెండూ. కొలతల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. చివరికి ఆ స్త్రీలనే, మీకు ఏమనిపిస్తున్నది అని అడిగారు. క్రీము రాసిన 35 కాళ్లలో 3 కాళ్లు మాత్రమే బాగుపడ్డాయని చెప్పారు. యంత్రం పెట్టిన 35 కాళ్లలో 10 కాళ్లు బాగుపడ్డాయన్నారు. ఏళ్ల తరబడి జనం ఎగబడి కొన్న క్రీముకు దక్కిన మార్కులు అవి.

తర్వాత కెఫీన్, రెటినాల్ వంటివి వచ్చాయి. రెటినాల్ నెలల తరబడి రాస్తే పైచర్మం కాస్త మందంగా, బిగువుగా అవుతుందని కొన్ని పరీక్షల్లో కనిపించింది. పైదుప్పటి మందమైతే కింది గతుకులు కాస్త తక్కువ కనిపించడం సహజమే. 2014లో ఇటలీ పరిశోధకులు అప్పటిదాకా జరిగిన మంచి పరీక్షలను ఒకచోట చేర్చి లెక్క కట్టారు. క్రీముల వల్ల తొడ చుట్టుకొలత సగటున తగ్గినది సుమారు అర సెంటీమీటరు. అర సెంటీమీటరంటే ఎంతో తెలుసునా? జాకెట్టుకు దర్జీ లోపల వదిలే కుట్టు అంతకన్నా ఎక్కువ ఉంటుంది.

కారణం పెద్దమ్మ ముందే చెప్పింది. చర్మం ఉన్నదే బయటివాటిని లోపలికి రానివ్వకుండా ఉండడానికి. గాజు పాత్రలో కొవ్వుకు కాపలా లేదు, ఒంట్లో ఉంది. ఒకవేళ కాస్త మందు లోపలికి పోయినా, కొవ్వును తాకవచ్చు గానీ కుట్టును విప్పలేదు. కుట్టునే విప్పుదామని సూదిమందు కూడా చేశారు. 2020లో అమెరికా ప్రభుత్వం దానికి అనుమతి ఇచ్చింది. కమిలిన మచ్చలు మిగులుతున్నాయన్న ఆందోళనతో 2022 చివర ఆ కంపెనీయే దాన్ని మానుకుంది.

ఇవన్నీ మా మరదలికి చెప్పాను. ఓపికగా విన్నది. "వాళ్ల ఒళ్లు వేరు, మన ఒళ్లు వేరు వదినె" అంది. చదువు చెప్పినంత మాత్రాన ఆశ పోతుందా! నేనైనా ఆ వయసులో, ఆ ఎదురుచూపులో ఉంటే అదే మాట అనేదాన్ని. అప్పుడు పెద్దమ్మే తీర్పు చెప్పింది. "ఐతె నీ ఒంటి మీదనే చూడు. ఒక్క కాలికే రాయి."

ఆ ఆదివారం పెద్దమ్మ జగిత్యాల వచ్చింది. రెండు చిన్న స్టీలు డబ్బాలు తెప్పించింది. తలుపేసుకుని ఒకదానిలో ట్యూబులోని క్రీము సగం, ఇంకోదానిలో బజారులో దొరికే మామూలు కోల్డ్ క్రీము నింపింది. వాసన తేడా తెలియకుండా రెండింట్లోనూ రోజ్‌వాటర్ చుక్కలు వేసింది. ఒక మూతకు పసుపు బొట్టు, ఒక మూతకు కుంకుమ బొట్టు. కుడి కాలికి పసుపు, ఎడమ కాలికి కుంకుమ. ఏది ఏమిటో చీటీ మీద రాసి, మడిచి, బొడ్డు సంచిలో పెట్టుకుని సిరిసిల్ల బస్సెక్కింది. ఆమె నాలుగో తరగతి దాకానే చదివింది. పెద్ద డాక్టర్లు చేసే ఏర్పాటు ఆమె ఎలా చేసిందని అడిగితే, "నూలు కొనేటప్పుడు చెయ్యిపట్టి చూస్తె మోసపోతం. కండ్లు మూసుకొని రెండు చేతుల రెండు పోగులు పట్టాలె" అంది.

కొలిచే పని నాది. మోకాలి చిప్పకు జానెడు పైన, రెండు వారాలకు ఒకసారి, తలంటు రోజున దర్జీ టేపుతో కొలిచేదాన్ని. మొదటిరోజే నాకు ఒక జ్ఞానం కలిగింది. ఒకే కాలిని అయిదు నిమిషాల తేడాతో రెండుసార్లు కొలిస్తే అర సెంటీమీటరు తేడా వచ్చింది. టేపు కాస్త బిగిస్తే తగ్గుతుంది, వదిలితే పెరుగుతుంది. ప్రపంచంలోని క్రీములన్నీ కలిసి సగటున తగ్గించినంత కొలత నా బొటనవేలి నొక్కులోనే ఉంది! డాక్టర్లు ఎంతోమందిని ఎన్నోసార్లు కొలిచి ఆ పొరపాటును వడగడతారు. ఇంట్లో అద్దం ముందు నిలబడి కొలుచుకునే ఆడది ఏం చేయగలదు? ఆశ ఎటు ఉంటే టేపు అటు బిగుస్తుంది.

ఎనిమిది వారాలు గడిచాయి. మరదలు ఒక్కరోజు కూడా మానలేదు. రెండు కాళ్ల చర్మమూ మెత్తబడింది. మా కొలతల్లో రెండింటికీ తేడా కనిపించలేదు. కానీ మరదలు మాత్రం, "ఎడమ కాలు నున్నగైంది వదినె, నాకు తెలుస్తున్నది. అసలు క్రీము కుంకుమబొట్టు డబ్బలనే ఉన్నది" అని పందెం కాసింది. పెద్దమ్మకు ఫోన్ చేసి చీటీ విప్పమన్నాం. కుంకుమబొట్టు డబ్బాలో ఉన్నది బజారు కోల్డ్ క్రీము.

ఒక్క మనిషి మీద చేసినది పరీక్ష అనిపించుకోదు. అది మా ఇంటి ముచ్చట, అంతే. అసలు పరీక్షలు పైన చెప్పాను. కానీ మరదలికి పనికొచ్చినది మాత్రం ఇంటి ముచ్చటే. కాసేపు మాట్లాడలేదు. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతుంటే ఆమె బుగ్గన సొట్ట పడింది. పెద్దమ్మ ఫోనులోంచి, "ఎందుకు నవ్వుతున్నదే ఆమె?" అని అరుస్తున్నది.

మా తమ్ముడు వచ్చాడు. నలభై రోజులున్నాడు. వచ్చిన మూడో రోజున అతను తన నెత్తి మీద పలచబడిన జుట్టు చూపించి, అక్కడ ఏదో నూనె అమ్ముతున్నారట, కొననా అక్కా అని నన్ను చాటుగా అడిగాడు. రెండేళ్లుగా అతనికీ అదే దిగులట, భార్య చూస్తే ఏమనుకుంటుందో అని. సముద్రానికి అటు ఒకరు, ఇటు ఒకరు. ఇద్దరి భయాన్నీ చెరో సీసాలో పోసి అమ్ముతున్నారు. ఆ సంగతి మరదలికి చెప్పాలా వద్దా అని ఆలోచించాను. చెప్పాను. ఆ తర్వాత వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, తెలియవలసిన పనీ లేదు.

మిగిలిన సగం ట్యూబు చలికాలంలో మడమల పగుళ్లకు ఉపయోగపడింది. దానికి మాత్రం బాగా పనిచేసింది.

ఒక్క పని మిగిలిపోయింది. మొన్న పెద్దమ్మ మళ్లీ సున్నిపిండి గొప్ప చెబుతుంటే, వాగ్భటుడి మాట కూడా ఇలాగే తేల్చుదాం, ఎనిమిది వారాలు ఒక్క కాలికే నలుగు పెట్టి చూద్దామా అని అడిగాను. ఎప్పుడూ తడుముకోకుండా జవాబిచ్చే మనిషి, మగ్గం చప్పుడులో వినపడలేదంది.